అడిగితేనే చెప్పాలి

కదలొద్దు. మాట్లాడొచ్చు, కానీ అడిగినంతే. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాలి, నాలుక పిడచకట్టుకుపోతోందని చెప్పాలి, అరికాలికి పుండు పడ్డ సంగతి మాత్రం అడిగితేనే చెప్పాలి. పొద్దున సిస్టర్ మాధవీలత ఈ మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, చిన్నపిల్లకు పద్యం నేర్పినట్టు ఇదంతా నాచేత అప్పజెప్పించుకుంది. ఆమెది గుంటూరు వైపు. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. "యేసుమణిగారూ, మీకు షుగర్ ఎలాగూ ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఆ పుండు ఒక్కటీ ఉందనుకోండి. వచ్చిన అమ్మాయి తనంతట తాను మీ కాళ్ళ సంగతి అడగాలి. అడగకపోతే మీరు నోరు మెదపకూడదు. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే" అంది. నాకు నవ్వొచ్చింది. ఉన్న రోగాన్ని దాచడం ఆడపుట్టుక పుట్టిన ప్రతిదానికీ వచ్చు. లేని రోగాన్ని దాచడం ఎట్లాగో ఇవాళే నేర్చుకున్నాను.

ఇది దవాఖాన కూడా కాదు, శంషాబాద్‌లో ఒక సర్కారు ట్రైనింగు హాలు. రెండు ఇనుప మంచాలు తెచ్చి వేసి, నడుమ ఆకుపచ్చ గుడ్డతో తెర కట్టి, ఇదే దవాఖాన అనుకోమన్నారు. నేను రోగిని అనుకోవాలి. బయట వరండాలో బెంచీల మీద కూర్చున్న ఆడపిల్లలు తాము నర్సమ్మలం అనుకోవాలి. ఊళ్ళలో సూదులు వేస్తూ, కాన్పులు చూస్తూ, ఇల్లిల్లూ తిరిగే ఏఎన్నెం ఉద్యోగాలకు పరీక్ష ఇది. ఇన్నేళ్ళూ బడి మార్కులూ కోర్సు మార్కులూ కలిపి ఒక వరుస వేసి, నడుమ గీత గీసేవారు. గీతకు పైన ఉన్నవాళ్ళకు ఉద్యోగం, కింద ఉన్నవాళ్ళు ఇంటికి. ఈసారి ఎవరో పెద్ద ఆఫీసరుకు బుద్ధి పుట్టిందట. మార్కులు ఒకపక్క ఉండనీ, అసలు ఈ పిల్లకు రోగి చెయ్యి పట్టుకోవడం వచ్చా రాదా చూద్దాం అన్నాడట. ఆ పట్టుకునే చెయ్యి నాది. ఎంత ముచ్చటగా ఉందో నాకు ఈ సంగతి! సర్కారుకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో. అన్ని నౌకరీలకూ ఇట్లాగే పెడితే ఎట్లా ఉంటుందని పొద్దుటి నుంచీ అనుకుంటూ పడుకున్నాను. కరెంటాయనను స్తంభం ఎక్కించి చూడొచ్చు. పంతులును తీసుకొచ్చి, ఏడ్చే పిల్లల నడుమ నిలబెట్టి, ఇగ చదువు చెప్పు నాయనా అనొచ్చు. మండలాఫీసులో గుమాస్తా ఉంటాడే, రేపు రా రేపు రా అనేవాడు, అతని ఎదుట ఒక ముసలమ్మను నిలబెట్టి, రేపు అనే మాట అనకుండా ఆమె పని చేసి పంపు చూద్దాం అనొచ్చు. ఎంతమంది మిగులుతారో దేవునికే ఎరుక.

నాకు మాత్రం జీవితంలో జరిగినవన్నీ చేతిపని పరీక్షలే. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా అత్త నా మొహం కూడా సరిగా చూడలేదు, తిన్నగా పొయ్యి దగ్గరికి పోయి జొన్నరొట్టె చెయ్యమంది. రొట్టె పొంగింది, పెళ్ళయింది. పొంగకపోతే మా జ్ఞానదాసు ఇప్పుడు ఎవరి మొగుడై ఉండేవాడో! ఆ మాటంటే ఆయనకు కోపం. విమానాశ్రయం కట్టి తెరిచిన ఏడు అక్కడ ఊడ్చి తుడిచే పనికి పోతే, కాంట్రాక్టు మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి "వంగుతవా?" అన్నాడు. వంగి చూపించాను. "రేపటి సంది రా" అన్నాడు. అంతే పరీక్ష. అప్పటి నుంచీ వంగుతూనే ఉన్నాను. ఒక సంగతి చెప్పనా, వంగి నేల తుడిచేవాళ్ళకు లోకం కాళ్ళ నుంచి మొదలవుతుంది. ఇటు బూట్లు, అటు హైహీల్సు, దుబాయి నుంచి దిగిన కూలీల తెల్ల బూట్లు, చెప్పులు చేత్తో పట్టుకుని నున్నటి నేల మీద భయంభయంగా నడిచే పల్లెటూరి అవ్వలు. నాకు ఆరా ఎక్కువ. ఈ కాళ్ళ పైన మొహం ఎట్లా ఉంటుందా అని ఊహించుకుని, తర్వాత తలెత్తి చూసేదాన్ని. ఎక్కువగా తప్పేదాన్ని. అయినా ఆ ఆట మానలేదు.

ఇప్పుడు ఆట తిరగబడింది. పొద్దుటి నుంచీ చేతులే నాకు లోకం. ఒక పిల్ల చేతులు ఐసుగడ్డలు, పాపం భయానికి. ఇంకొక పిల్ల గాజులు నా మణికట్టుకు గీసుకున్నాయి, ఆమె నాడి పట్టుకున్నంతసేపూ నేను గాజులే చూశాను, బాగున్నాయి, ఎక్కడ కొన్నావే అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఒకామె నన్ను ముట్టుకోనే లేదు. మంచానికి బారెడు దూరంలో నిలబడి, షుగరు వ్యాధి ఎన్ని రకాలో, ఏ రకం ఎవరికి వస్తుందో ఆగకుండా చెప్పింది. చదువుకున్నదే, బాగానే చెప్పింది, ఆ చెప్పడంలో నేనున్న సంగతి మరిచిపోయింది. నా కాళ్ళవైపు కుర్చీ వేసుకుని కూర్చున్న డాక్టర్ పూర్ణిమ మొహంలో ఏమీ కనిపించదు. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు. టైము అయిపోతే ఒళ్ళోని గంట టింగుమని కొడుతుంది. విమానం దిగేటప్పుడు ఆ మోతకు గంట కూడా వినపడదు. అప్పుడు చెయ్యి ఎత్తి చూపిస్తుంది. రోగి, నర్సు, డాక్టరు ముగ్గురమూ నోళ్ళు మూసుకుని విమానం పోయేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఆ కాసేపట్లోనే పిల్లల అసలు మొహాలు తెలుస్తాయి. ఒకామె అప్పుడు నా మీద దుప్పటి సర్దింది. మోత తగ్గాక, "కాళ్ళు ఒకసారి చూడనిస్తరా అమ్మా?" అని అడిగింది. "అరికాలి కింద పుండున్నది బిడ్డా" అన్నాను సంబరంగా, రోగం చెప్పుకున్నట్టు కాదు, బహుమానం ఇచ్చినట్టు. ఎవరి బిడ్డో గానీ చల్లగా ఉండాలి అనుకున్నాను. వెంటనే, ఆమెకు మార్కులు వస్తే నా బిడ్డకు ఒక ఉద్యోగం తగ్గుతుంది కదా అని కడుపులో చిన్న మంట. ప్రభువా, నా బుద్ధి ఎంత చిన్నదో చూశావా.

అవును, నా బిడ్డ కూడా ఆ వరండాలోనే కూర్చుని ఉంది. సునీల. దానికోసమే నేను ఈ మంచం ఎక్కానంటే అబద్ధం, దాన్ని చూడాలని ఎక్కానంటే నిజం. నెలనెలా దవాఖానకు గోలీలకు పోయినప్పుడు మాధవీలత అడిగింది, గడగడా మాట్లాడే షుగరు పేషెంటు ఒకరు కావాలి, వస్తారా అని. నా బిడ్డే పరీక్షకు వస్తున్నదమ్మా అని ఉన్నమాట చెప్పాను. పర్వాలేదు, రెండు మంచాలున్నాయి, మీ అమ్మాయి వంతు రెండో మంచం మీద పడేలా చూస్తానంది. రెండో మంచం తెరకు అవతల ఉంది. అక్కడ రోగి కొత్వాల్‌గూడ ఐలయ్య. అతనికీ ఇదే కథ, ఇదే పుండు. కానీ ఐలయ్య నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున మొదటి పిల్ల రాగానే, "బిడ్డా, కాలు గురించి జర అడుగు, గది అడిగితెనే చెప్పాల్నట" అన్నాడు. అటువైపు కూర్చున్న పెద్ద డాక్టరు "ఐలయ్యా!" అని అరిస్తే, "గట్ల కాదు సారూ, ఆ పిల్ల మొకం చూడరాదు, ఎట్ల పరేషాన్ అయితున్నదో" అన్నాడు. ఆ మంచం దగ్గర మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతున్నారు. సునీలకు ఆ మంచమే రావాలని ఒకసారి అనిపిస్తుంది, రాకూడదని ఒకసారి. ఎందుకంటే అటు పోతే నేను దాన్ని చూడలేను. గొంతు వింటానంతే.

నా బిడ్డ పని చేస్తుంటే నేనెన్నడూ చూడలేదు. ఇది వింత కాదూ? కన్నాను, పెంచాను, దాని పుట్టుమచ్చలన్నీ చెప్పగలను, కానీ పొద్దున డ్యూటీకి పోయిన సునీల సాయంత్రందాకా ఎట్లాంటి మనిషో నాకు తెలియదు. కాటేదాన్ అవతల ఒక చిన్న ప్రైవేటు నర్సింగు హోములో చేస్తుంది. మా పాల్మాకుల నుంచి అక్కడికి పోయి వచ్చినవాళ్ళంతా "సునీలక్క సూదేస్తే తెలవనే తెలవది" అంటారు. ఇంటికొచ్చే సునీల వేరు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, "గోలి వేసుకున్నవా?" అంటుంది. వేసుకున్నానంటాను. అంతే మా మాటలు. అలిసిపోయి వస్తుంది, ఎవరెవరి బాధలో విని వస్తుంది, ఇంకా నేనేం చెప్పను? పదో తరగతి పరీక్షలప్పుడు దానికి పచ్చకామెర్లు. పత్యం తింటూ, కళ్ళు పసుపుముద్దలై, పోయి రాసొచ్చింది. ఆ మార్కులు ఇప్పటిదాకా దాని వెంట పడుతూనే ఉన్నాయి. వరుస వేసిన ప్రతిసారీ గీత కిందికి లాగి పడేశాయి. వచ్చే ఏటికి వయసు కూడా దాటిపోతుంది. ఇదే ఆఖరు. కామెర్లను కాకుండా చేతులను చూసే పరీక్ష ఇన్నాళ్ళకు వచ్చింది, అదీ ఆఖరుసారికి వచ్చింది.

ఈ పుండు మాట పొద్దుటి నుంచీ చెప్పీ చెప్పీ నిజంగానే అరికాలి గురించి ఆలోచన పట్టుకుంది నాకు. దుప్పటి కింద వేళ్ళు కదిలించి చూసుకుంటే కదులుతున్నట్టే ఉంది. ఆమధ్య ఒక తమాషా జరిగింది. బస్సు దిగి ఇంటిదాకా నడిచొచ్చాక పక్కింటి దుర్గవ్వ "ఏందే యేసుమణీ, ఒక్క చెప్పుతోని ఊరేగుతున్నవ్?" అంది. చూసుకుంటే నిజమే. రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. తర్వాత నేనొక్కదాన్నే కూర్చుని, ఒక కాలు చెప్పు మీద, ఇంకొకటి మట్టి మీద పెట్టి, తేడా ఏమన్నా తెలుస్తుందా అని చూసుకున్నాను. ఎంతో ఆసక్తిగా చూసుకున్నాను, వేరే ఎవరి కాళ్ళో చూసినట్టు. పెద్ద తేడా తెలియలేదు. వయసు అనుకున్నాను. దినమంతా చల్లటి గచ్చు మీద నిలబడితే మొద్దుబారవా అనుకున్నాను. సునీలకు చెప్పలేదు. చెబితే ముందు పని మాన్పిస్తుంది. పని మానేస్తే నేనింక ఎవరిని చూడాలి? ఇంట్లో గోడలనా? అదీగాక అది అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో.

"సునీలగారు, ఈ మంచానికి రండి."

మాధవీలత గొంతు. వరుసలో ఒక పిల్ల రాలేదట, అందువల్ల అందరూ ఒక్కొక్క అడుగు ముందుకు జరిగారు, సునీల తెరకు ఇవతలికి వచ్చి పడింది. మాధవీలతకు వరుస మీద ధ్యాసే గానీ, ఎవరి కూతురు ఎవరో ఈ హడావిడిలో మరిచినట్టుంది. పిలిచేసి అవతలికి పోయింది. ఇప్పుడు నేను ఒక్క మాట అంటే చాలు. డాక్టరమ్మా, ఈ పిల్ల నా బిడ్డ, అటు పంపండి అంటే అయిపోయే పని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తలుపు దగ్గర సునీల కనిపించింది. తెల్లచీర, జడ బిగించి, మొహంలో ఇంట్లో ఎన్నడూ చూడని నిదానం. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. డాక్టరమ్మ వైపు చూసింది. మాట్లాడితే వంతు పోతుందేమోనని దాని భయం, నాకు తెలుస్తూనే ఉంది. మరి నాకేం భయం? నాకు భయం కాదు, ఆశ. చూద్దాం, ఒక్కసారి చూద్దాం, నా బిడ్డ ఎట్లాంటి మనిషో. కుక్కిన పేనులా పడుకున్నాను.

సబ్బుతో చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చబెట్టుకుంది, అందరిలో అట్లా చేసింది ఇదొక్కతే, ప్రభువు సాక్షిగా నా బిడ్డ అని చెప్పడం లేదు. దగ్గరకొచ్చి, స్టూలు లాక్కుని, నా మొహమూ తన మొహమూ ఒక ఎత్తులో ఉండేట్టు కూర్చుంది.

"నమస్తే అమ్మా. నా పేరు సునీల. మీ పేరేందమ్మా?"

మీరు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నన్ను నువ్వు తప్ప ఇంకో మాట అనని పిల్ల. నవ్వు ఆపుకోలేక దగ్గాను. "యేసుమణి" అన్నాను. నా పేరు నాకే కొత్తగా వినిపించింది. ఏం ఇబ్బందమ్మా అంది. కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా అన్నాను. ఎప్పటి సంది, పొద్దుగాల ఏం తిన్నరు, ఆఖరుకు గోలి ఎప్పుడు వేసుకున్నరు, రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తరు, మసకమసకగా కనిపిస్తదా. అడగడం కాదు, నేను చెప్పేదాకా ఆగుతుంది. జవాబు పూర్తయ్యాక కూడా ఇంకాస్త ఆగుతుంది, ఏమన్నా మిగిలిందేమోనని. నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ గడియారం చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి. చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు కూడా అట్లాగే పెదవులు కదిలించేది. బీపీ పట్టీ కట్టి గాలి కొట్టేముందు "జర బిగుతుగ అయితది, భయపడకుండ్రి" అంది. నాకు! ఆ పట్టీని ఏళ్ళ తరబడి చూస్తున్న నాకు! అయినా ఆ మాటకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈ ఓపిక, ఈ వెచ్చటి చేతులు, ఈ కళ్ళలోకి చూసి మాట్లాడటం, ఇదంతా రోజూ ఎవరెవరికో దొరుకుతోంది. కాటేదాన్ కార్ఖానాల కూలీలకు దొరుకుతోంది. నాకు మాత్రం ఈ పరీక్షలో పడుకుంటే దొరికింది. గర్వమో అసూయో చెప్పలేను.

"యాళ్ళకు తినకుండ గోలి వేసుకుంటే గిట్లనే తిరుగుతయ్ అమ్మా. కొంగుకు జర చక్కెర కట్టుకోండ్రి. పని కాడ తిరిగినట్టయితే నోట్ల వేసుకొని కూసోండ్రి" అని చెప్పింది. బాగుంది. చాలా బాగుంది. ఇగ కాళ్ళు అడుగు బిడ్డా.

అడగలేదు. నాలుక చూసింది, కళ్ళ కింద రెప్ప లాగి చూసింది. కాళ్ళ మాట లేదు. దాని చూపు దుప్పటి చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది. నాకు అర్థమైంది. అది నా కాళ్ళను చూడక్కరలేదు అనుకుంటోంది. తన తల్లి కాళ్ళు, పొద్దున తనతోపాటే నడిచొచ్చిన కాళ్ళు, వాటికేమైందని అడుగుతుంది? తెలియని మనిషైతే తల నుంచి కాలిదాకా వెతికేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా. వేళ్ళు కదిలించాను, దుప్పటి కదిలింది. చూడలేదు. తెర అవతల నుంచి ఐలయ్య గొంతు, "పుండు సంగతి ఇంకా అడగకపోతివి బిడ్డా" అని ఎవరికో చెబుతోంది, అంతలోనే పైన విమానం. ఆ మోతలో ఆ మాట సునీల చెవిన పడినట్టు లేదు. ఆ కాసేపూ సునీల నా చెయ్యి పట్టుకునే ఉంది. మోత తగ్గాక చివరిగా అడిగింది.

"ఇంకేమన్న చెప్పేదున్నదా అమ్మా?"

ఉంది. పెదవి మీదే ఉంది. అడిగింది కదా, చెప్పొచ్చు కదా? కానీ కాళ్ళ మాట ఎత్తి అడిగితేనే అన్నది సిస్టరు. పొద్దుటి నుంచీ ఎందరో పిల్లలు ఇదే మాట అడిగారు, అందరికీ లేదమ్మా అన్నాను. ఆ పిల్లల తల్లులు కూడా ఎక్కడో ఒకచోట ప్రార్థన చేస్తూనే ఉంటారు. డాక్టరమ్మ నన్నే చూస్తోంది. "ఏం లేదు బిడ్డా" అన్నాను. గంట టింగుమంది.

అయిపోయింది. సునీల లేచి స్టూలు పక్కకు జరిపింది. నేను చేసిన పనేంటో అప్పుడు తగిలింది నాకు. నా ఆరా తీరడానికి బిడ్డ ఆఖరి వంతు తినేశాను. ఐలయ్య మంచానికి పోయి ఉంటే ఆ పెద్దాయన కాళ్ళు తప్పకుండా అడిగేది, అడగకపోయినా ఆయనే చెప్పేవాడు. మంచం మీద లేచి కూర్చున్నాను. రోగి లేవకూడదని మాధవీలత తెర పక్క నుంచి చెయ్యి ఊపుతోంది. ఊపనీ.

"డాక్టరమ్మా, ఈ పిల్ల నా కడుపున పుట్టిన బిడ్డ. ముందే చెప్పాల్సి ఉండె, చెప్పలే, తప్పు నాది. దినాం నా కాళ్ళు చూస్తది. పుండు లేదని దానికి ఎరుక. గందుకే అడగలే. దాన్ని ఆ మంచానికి పంపియ్యి తల్లీ."

మాధవీలత "అయ్యో రామా" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. డాక్టర్ పూర్ణిమ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "తల్లి అని మీరు మేలు చేసి ఉంటే ఇద్దరినీ బయటికి పంపేదాన్ని. కానీ మీ అమ్మాయికి నష్టమే జరిగింది" అంది. తర్వాత సునీల వైపు తిరిగింది. "మీ అమ్మ చెప్పింది నిజమైతే, ఐలయ్యకు వేరే కథ ఇచ్చి నీకు అక్కడ ఇంకోసారి పెట్టిస్తాను. రోజూ కాళ్ళు చూస్తావు కాబట్టే అడగలేదా? నిజమేనా?"

అవునను. ఒక్క అవును. తల ఊపినా చాలు. నేను సునీల వైపు కళ్ళతోనే బతిమాలాను. అది నన్ను చూడటం లేదు. నా కాళ్ళ మీది దుప్పటిని చూస్తోంది. ఏదో వెతుక్కుంటున్నట్టు, నిన్నటి నుంచీ, పోయిన నెల నుంచీ, ఎప్పటి నుంచో వెనక్కి పోతున్నట్టు.

"లేదు మేడం" అంది. "నేను ఎన్నడూ చూడలే."

"సునీలా!" అన్నాను.

"షుగరు వచ్చినప్పటి సంది గోలి వేసుకున్నవా అనే అడుగుతున్న మేడం. కాళ్ళు ఒక్కసారి కూడ చూడలే. ఇయ్యాల కూడ తోచలే."

"అట్లయితే ఇక్కడి మార్కులే ఉంటాయి" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో కోపం లేదు, బాధ ఉన్నట్టుంది. "సరే మేడం" అంది సునీల. అని తలుపు వైపు పోలేదు. ట్రే లోంచి దూది తీసుకుంది. మంచం చివరికి నడిచింది.

"ఇప్పుడు చూసినా మార్కులు కలవవు అమ్మాయ్. బయట ఇంకా చాలామంది ఉన్నారు."

"ఎరుకే మేడం. ఈ పేషెంటు పని అయిపోలే."

డాక్టరమ్మ గంట వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. సునీల దుప్పటి పైకి మడిచింది. మార్కులు పోయాయి కదా బిడ్డా, ఆఖరుసారి కదా, ఇంకా ఎందుకే అని ఏడుపొస్తోంది నాకు. దాని మీద కోపం కూడా వస్తోంది, ఒక్క అవును అంటే ఏం పోయేదే మొండిదానా అని. "పడుకో అమ్మా. కండ్లు మూసుకో. నేను తాకినప్పుడల్లా చెప్పు" అంది. మీరు పోయింది, నువ్వు వచ్చింది. పడుకుని కళ్ళు మూసుకున్నాను.

చీకట్లో, అంత ఏడుపులోనూ, ఏ వేలు నుంచి మొదలుపెడుతుందా అని ఆలోచన. బొటనవేలా, చిటికెన వేలా? చక్కిలిగింతలు పెడితే నవ్వకూడదు, డాక్టరమ్మ ముందు బాగుండదు. ఐలయ్య అవతల ఎవరికో తన పొలం విమానాశ్రయంలో కలిసిన కథ చెబుతున్నాడు, పెద్ద డాక్టరు కూడా వింటున్నట్టుంది. ఫ్యాను తిరుగుతోంది. ఎదురుచూస్తూ ఎంతసేపైందో. దూది సర్దుకుంటోందేమో. చేతులు మళ్ళీ వెచ్చబెట్టుకుంటోందేమో. ఇది ఎప్పుడూ ఇంతే, ఏ పనీ తొందరగా మొదలుపెట్టదు.

"ఇగ తాకు బిడ్డా, ఎంతసేపు?" అన్నాను.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. నేను కళ్ళు తెరిచాను. దూది మంచం మీద పడి ఉంది. సునీల నా అరికాలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.